నెలసరి ‘వచ్చిన’ గర్భం: ఒక కేస్ స్టడీ

ఆమె వయసు 33 ఏళ్లు. ఆరేళ్ల పాప ఉంది, అప్పుడు సహజ ప్రసవమే. మా గైనకాలజీ ఓపీకి వచ్చింది ఒకే ఒక్క ఫిర్యాదుతో: నెలసరి బాగా తగ్గిపోయింది. “థైరాయిడ్ వల్లే తగ్గిందేమోనండీ, ఒకసారి మీకు కూడా చూపించుకుందామని వచ్చాను” అన్నారు. చేతిలో లావుపాటి ఫైలు ఉంది. ఆ ఫైల్లో అన్నిటికంటే పైనున్న కాగితం రెండు రోజుల్లో జరగబోయే రేడియో అయోడిన్ థైరాయిడ్ స్కాన్ తాలూకు ఫారం. అందులో ‘గర్భవతా?’ అన్న గడి దగ్గర ‘కాదు’ అని టిక్కు పెట్టి, పక్కన చివరి నెలసరి తేదీ వేసి ఉంది.

ఆమె రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. ఇది అరుదైన జబ్బు కథ కాదు. గర్భం తొలి లక్షణాలు ఒక్కొక్కటిగా బయటపడుతూ, ఒక్కో లక్షణానికి ఒక్కో జబ్బు పేరు పడుతూ పోయిన కథ. ప్రతి దశలోనూ గర్భం అన్న ఆలోచనకి అడ్డుపడింది ఒక్క మాటే: “మొన్ననే నెలసరి వచ్చిందండీ.”

ఫైల్లో ఉన్న చరిత్ర

మూడు వారాల కింద వికారం, గుండెల్లో మంట, ఉబ్బరం మొదలయ్యాయి. దగ్గర్లోని డాక్టరు యాసిడిటీ మాత్రలు రాశారు. వారం తిరగకుండానే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తోందని మళ్లీ వెళ్లారు. మంట లేదు, జ్వరం లేదు, మూత్ర పరీక్షలో చీము కణాలు లేవు, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఆ రిపోర్టు వచ్చేలోపే యాంటీబయాటిక్ కోర్సు అయిపోయింది. తర్వాత మెట్లెక్కితే గుండెదడ, విపరీతమైన నీరసం, ఒకటిన్నర కిలోల బరువు తగ్గడం. ఈసారి వేరే డాక్టరు థైరాయిడ్ పరీక్ష చేయించారు. థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ 0.04 వచ్చింది, ఆ ల్యాబ్ మామూలు పరిధి 0.4 నుంచి 4.0. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 1.9, పై హద్దు 1.8. బరువు తగ్గడం, దడ, అట్టడుగున టీఎస్‌హెచ్ మూడూ కలిస్తే థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్న అనుమానం రావడం సహజమే. అందుకే స్కాన్ రాశారు, స్కాన్ అయ్యాక మొదలుపెట్టమని, థైరాయిడ్ జోరు తగ్గించే కార్బిమజోల్ మాత్రలు కూడా రాశారు.

కాగితం మీద చూస్తే ఎక్కడా నిర్లక్ష్యం లేదు. గర్భం సంగతి ప్రతిచోటా అడిగారు. ప్రతిచోటా తేదీ వచ్చింది, తేదీ దగ్గరే ప్రశ్న ఆగిపోయింది.

ప్రశ్నలు

“చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా?” అని అడిగాను.

“సరిగ్గా నాలుగు వారాలైందండీ. ఇంకా తేదీ దాటలేదు.”

“ఎలా వచ్చింది?”

“ఎలా అంటే?”

“ఎన్ని రోజులుంది, ఏ రంగులో ఉంది, గడ్డలు పడ్డాయా, ప్యాడ్‌లు ఎన్ని మార్చారు?”

కాసేపు ఆలోచించారు. “ఒక్కటే పెట్టుకున్నానండీ, అది కూడా తడవలేదు. మొదటిరోజు లేత గులాబీ రంగు, మర్నాడు మధ్యాహ్నానికి గోధుమ రంగు మరక. అంతే. అందుకే కదా మీ దగ్గరికి వచ్చింది.”

“కడుపునొప్పి?”

“మామూలుగా మొదటిరోజు మంచం దిగలేను. ఈసారి కాస్త లాగినట్టు అనిపించిందంతే.”

“దానికి ముందుది?”

ఫోన్‌లో క్యాలెండర్ తీసి చూశారు. దానికి 37 రోజుల ముందు వచ్చింది మాత్రం పూర్తిగా ఆమెకి అలవాటైన నెలసరే: ఐదు రోజులు, అందులో రెండు రోజులు బాగా ఎక్కువ, మొదటిరోజు నొప్పి. పాప పుట్టాక ఆమెకి నెలసరి ఎప్పుడూ 32 నుంచి 44 రోజుల మధ్యలో వస్తోంది. కాబట్టి 37 రోజులకి కనిపించిన ఆ మరకని నెలసరి అనుకోవడంలో వింతేమీ లేదు. నిజమైన చివరి నెలసరి నుంచి లెక్కిస్తే మాత్రం నా గదిలో కూర్చున్న రోజుకి 65 రోజులైంది.

అక్కడి నుంచి మిగతా ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి. రొమ్ములు నొప్పిగా ఉంటున్నాయా అని అడిగితే, “బ్రా హుక్కు ఒక వరస బయటికి జరిపానండీ, అయినా బిగుతే” అన్నారు. ఒకపక్క బరువు తగ్గుతుంటే మరోపక్క బ్రా బిగుతవుతోంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే ఒళ్లంతా తగ్గుతుంది, రొమ్ములు పెరగవు. నోట్లో బ్రష్ పెట్టుకుంటే వాంతి వచ్చినట్టుంటోంది. ఎప్పుడూ వాడే సబ్బు వాసనే ఇప్పుడు పడటం లేదు. వికారం పొద్దున కంటే సాయంత్రం ఎక్కువ. రాత్రి ఎనిమిదింటికే కళ్లు మూతలు పడుతున్నాయి. థైరాయిడ్ ఎక్కువైనవాళ్లు సాధారణంగా నిద్ర పట్టడం లేదంటారు, ఈమెకేమో నిద్ర ఆగడం లేదు.

“ఇవన్నీ ముందు డాక్టర్లకి చెప్పారా?”

“అడగలేదండీ. వాటికీ యాసిడిటీకీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?”

గర్భం వచ్చే అవకాశం గురించి అడిగాను. ఈ ప్రశ్న ఎప్పుడూ పక్కన ఎవరూ లేనప్పుడే అడుగుతాను, ఆమెతో వచ్చినవాళ్లు అప్పటికి బయటే కూర్చుని ఉన్నారు. కండోమ్ వాడతారు, కానీ ప్రతిసారీ కాదు. “అయినా ఇంట్లో టెస్ట్ చేసుకున్నానండీ, నెగటివ్ వచ్చింది” అన్నారు వెంటనే. ఎప్పుడు చేసుకున్నారంటే, ఆ మరక కనిపించడానికి ఆరు రోజుల ముందు. ఫోన్‌లోని యాప్ నెలసరి మూడు రోజులు ఆలస్యమైందని చూపిస్తే చేసుకున్నారట. ఆ యాప్ అందరికీ 28 రోజుల లెక్కే వేస్తుంది.

పరీక్షలు

నాడి నిమిషానికి 96, బీపీ 110/70. మెడ దగ్గర థైరాయిడ్ వాపు లేదు. కళ్లు మామూలుగా ఉన్నాయి. చేతులు చాపితే వేళ్లలో వణుకు లేదు. రొమ్ముల మీద నల్లటి వలయంలోని చిన్నచిన్న బుడిపెలు స్పష్టంగా లేచి ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే గర్భాశయం అందలేదు. 12 వారాలు దాటితేగాని అది కటి ఎముక పైకి రాదు కాబట్టి, అందకపోవడం వల్ల ఏదీ తేలదు.

ఒకసారి మూత్ర పరీక్ష చేద్దామన్నాను. ఒప్పుకున్నారు. స్ట్రిప్ మీద టెస్ట్ గీత, కంట్రోల్ గీత కంటే ముందే వచ్చింది.

గీత వచ్చింది కదా అని అక్కడితో ఆపలేను. గర్భం ఉందని మాత్రమే స్ట్రిప్ చెబుతుంది, ఎక్కడ ఉందో చెప్పదు. ఆమెకి మధ్యలో రక్తం కనిపించింది, తేదీలు గందరగోళంగా ఉన్నాయి. గర్భాశయం బయట, ఎక్కువగా ట్యూబులో, నిలిచే గర్భంలో కూడా కథ ఇలాగే మొదలవుతుంది: కొద్దిపాటి మరక, దాన్నే నెలసరి అనుకోవడం, కొద్దిగా నొప్పి. అందుకే ఆ రోజే ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ (యోని మార్గం గుండా చేసే అల్ట్రాసౌండ్) చేయించాం. గర్భాశయం లోపలే ఒక్క పిండం ఉంది, తల నుంచి పిరుదుల వరకు 16 మిల్లీమీటర్లు, గుండె నిమిషానికి 164 సార్లు కొట్టుకుంటోంది. కుడి అండాశయంలో కార్పస్ లూటియం, అంటే అండం విడుదలైన చోట మిగిలే గ్రంథి. ట్యూబుల వైపు ఏమీ లేదు, లోపల ద్రవం లేదు. స్కాన్ లెక్కన సరిగ్గా 8 వారాలు.

గర్భం వచ్చాక తయారయ్యే, స్ట్రిప్ పట్టుకునే హార్మోన్ హెచ్‌సీజీ రక్తంలో ఎంతుందో కొలిపించలేదు. లోపల గుండె కొట్టుకోవడం కనిపించాక ఆ అంకె వల్ల నిర్ణయమేమీ మారదు. స్కాన్‌లో ఏమీ కనిపించని తొలి రోజుల్లో అయితే 48 గంటల తేడాతో రెండుసార్లు కొలవడం అవసరం. ఒకే ఒక్క అంకెని పట్టుకుని గర్భం బాగుందనో పోయిందనో చెప్పడం నేనెప్పుడూ ఒప్పుకోను.

ఆ 65 రోజుల్లో ఏం జరిగింది

ఇప్పుడు తేదీలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఈ కేసు మొత్తం విప్పుకుంటుంది.

నిజమైన నెలసరి మొదలైన రోజుని సున్నా అనుకుందాం. 28 రోజుల చక్రంలో అయితే అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. ఈమెకి చక్రమే పొడుగు. గర్భం వారాలని అండం విడుదలకి రెండు వారాల ముందు నుంచి లెక్కిస్తారు, కాబట్టి స్కాన్ చెప్పిన 8 వారాలని బట్టి వెనక్కి వెళ్తే అండం విడుదలైంది 23వ రోజు ప్రాంతంలో. విడుదలైన అండం ఒక రోజు కంటే ఎక్కువ నిలవదు, ఫలదీకరణ ఆలోపే జరగాలి. ఆ తర్వాత పిండం గర్భాశయపు లోపలి పొరలో అతుక్కోవడానికి ఎక్కువమందిలో 8 నుంచి 10 రోజులు పడుతుంది. అతుక్కున్నాకే హెచ్‌సీజీ రక్తంలోకి రావడం మొదలవుతుంది, మూత్రంలో స్ట్రిప్ పట్టేంత చేరడానికి ఇంకొన్ని రోజులు.

ఆమె ఇంట్లో టెస్ట్ చేసుకుంది 31వ రోజున, అంటే అండం విడుదలైన ఎనిమిదో రోజు. పిండం అప్పుడే అతుక్కుంటూ ఉందో, ఇంకా అతుక్కోలేదో. ఎంత ఖరీదైన కిట్ అయినా ఆ రోజు నెగటివే చూపిస్తుంది. అందులో కిట్ తప్పేమీ లేదు, తొందరపడి చేసిన టెస్ట్ అది. అయితే ఒకసారి నెగటివ్ చూశాక మనసులో ఆ తలుపు మూసుకుపోతుంది. తర్వాత మరక కనిపించేసరికి ఆమెకి రెండో రుజువు కూడా దొరికినట్టైంది.

ఆ మరక 37వ రోజున వచ్చింది, అండం విడుదలైన 14వ రోజు. గర్భం రాకపోయి ఉంటే నెలసరి రావాల్సిన సమయం సరిగ్గా అదే. తొలి వారాల్లో ఇలా కొద్దిగా రక్తం కనిపించడం అసాధారణం కాదు, మొదటి మూడు నెలల్లో సుమారు నలుగురు గర్భిణుల్లో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఎంతో కొంత కనిపిస్తుంది. దీన్ని పిండం అతుక్కున్నప్పటి రక్తం అంటుంటారు, కానీ అతుక్కున్న రోజే వస్తుందన్న నియమం లేదు, చాలాసార్లు ఆ తర్వాత రోజుల్లోనే కనిపిస్తుంది. నెలసరి మొదట కొద్దిగా వచ్చి, తర్వాత పెరిగి, మళ్లీ తగ్గుతుంది. ఇదేమో పెరగనే పెరగదు. లేత గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో ఉండి, గడ్డలు లేకుండా, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. ఇవి మొగ్గు చూపే గుర్తులే తప్ప తీర్పులు కావు. రంగు చూసి ఇది పిండం అతుక్కున్నప్పటి రక్తమే, భయం లేదు అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. ట్యూబులో గర్భం ఉన్నప్పుడూ మరక అచ్చం ఇలాగే ఉండవచ్చు.

42వ రోజుకి వికారం మొదలైంది. గర్భం లెక్కలో అది ఐదో వారానికి దగ్గర. ఎక్కువమందికి వికారం నాలుగు నుంచి ఆరు వారాల మధ్యలో మొదలై, తొమ్మిదో వారం దగ్గర తారస్థాయికి చేరి, 14 నుంచి 16 వారాలకి సర్దుకుంటుంది. గర్భిణుల్లో పదిమందిలో ఏడెనిమిది మందికి ఎంతో కొంత ఉంటుంది, మిగిలినవాళ్లకి అసలు ఉండదు. ఉండకపోయినా గర్భం బాగానే ఉంటుంది. దీనికి కారణం హెచ్‌సీజీ ఒక్కటే అని చాలాకాలం చెప్పుకున్నాం. మాయ నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే మరో హార్మోన్‌కి ఇందులో పెద్ద పాత్ర ఉందని 2023లో వచ్చిన పరిశోధన బలంగా చూపించింది. గర్భానికి ముందు ఆ హార్మోన్‌కి శరీరం ఎంత తక్కువగా అలవాటుపడి ఉంటే వాంతులు అంత తీవ్రం. ‘అంతా మనసులోనే ఉంది’ అని వాంతులతో సతమతమయ్యే గర్భిణులని తేలిగ్గా తీసిపారేసిన రోజులు ఇకనైనా పోవాలని నా కోరిక.

గుండెల్లో మంట, ఉబ్బరం, మలబద్ధకం గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టరోన్ పని. గర్భాశయాన్ని సడలించి ఉంచాల్సిన ఆ హార్మోన్ పేగులనీ, అన్నవాహిక అడుగు కవాటాన్నీ కూడా సడలిస్తుంది. నిద్రమత్తులోనూ దాని వాటా ఉంది. మాటిమాటికీ మూత్రం రావడానికి మొదట్లో కారణం గర్భాశయం మూత్రాశయాన్ని నొక్కడం ఒక్కటే కాదు, కిడ్నీలకి రక్తప్రసరణ పెరిగి మూత్రం తయారయ్యేదే ఎక్కువవుతుంది. అందుకే మంట ఉండదు, కల్చర్‌లో ఏమీ పెరగదు. ఈమె రిపోర్టులో ఉన్నది అదే.

నెలసరి ముందు వచ్చే ఇబ్బందులు కూడా ఇలాగే ఉంటాయి కదా అని చాలామంది అడుగుతారు. నిజమే, రొమ్ముల నొప్పి, ఉబ్బరం, చిరాకు, నీరసం రెండింటిలోనూ ఉంటాయి, ఎందుకంటే రెండింటి వెనకా ప్రొజెస్టరోనే ఉంది. తేడా తెలిసేది తర్వాతే. నెలసరి మొదలైతే అవి ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడతాయి. ‘నెలసరి’ వచ్చి వెళ్లాక కూడా రొమ్ముల నొప్పి పెరుగుతూనే ఉంటే ఆ వచ్చింది నెలసరేనా అని అనుమానించాలి.

థైరాయిడ్ ముడి

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే భాగం ఇది. హెచ్‌సీజీ అణువులో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలుంటాయి. టీఎస్‌హెచ్‌కీ, అండాశయాన్ని నడిపే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లకీ ఇదే ఆల్ఫా భాగం, వేరయ్యేది బీటా ఒక్కటే. ఒకే పిడి ఉన్న నాలుగు తాళంచెవుల్లాంటివి ఇవి. పళ్లు వేరైనా హెచ్‌సీజీ చెవి టీఎస్‌హెచ్ తాళంలో కూడా కొంచెం తిరుగుతుంది. 8 నుంచి 11 వారాల మధ్య హెచ్‌సీజీ శిఖరానికి చేరినప్పుడు థైరాయిడ్‌కి అదనపు ఉత్తేజం అందుతుంది, టీఎస్‌హెచ్ దానంతటదే పడిపోతుంది. కొందరిలో ఫ్రీ టీ4 కూడా హద్దు దాటుతుంది. ఇది జబ్బు కాదు, మందు అక్కర్లేదు, హెచ్‌సీజీ తగ్గాక తానే సర్దుకుంటుంది. శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ని రెచ్చగొట్టే గ్రేవ్స్ జబ్బు అయితే తరచుగా మెడలో వాపు, కళ్లలో మార్పు, గర్భానికి ముందు నుంచీ ఉన్న లక్షణాలు, రక్తంలో టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీలు కనిపిస్తాయి. ఈమెకి ఆ యాంటీబాడీ పరీక్ష పంపాం, నెగటివ్ వచ్చింది.

ఈ ఆల్ఫా పోలికే ఒకప్పుడు గర్భ పరీక్షలని కూడా తికమక పెట్టింది. హెచ్‌సీజీని కొలవబోతే ఎల్‌హెచ్ కూడా లెక్కలోకి వచ్చేది. 1972లో జుడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రౌన్‌స్టీన్, గ్రిఫ్ రాస్ బీటా భాగాన్ని మాత్రమే గుర్తుపట్టే పరీక్షని ప్రచురించాకే గర్భాన్ని తొలి రోజుల్లో నమ్మకంగా పట్టుకోవడం సాధ్యమైంది. అంతకంటే ముందు, 1920ల చివరి నుంచి 1960ల దాకా, ఎలుకలు, కుందేళ్లు, కప్పల మీద ఆధారపడ్డాం.

ఆ స్కాన్ జరిగి ఉంటే, ఆ మాత్రలు మొదలై ఉంటే? గర్భిణికి రేడియో అయోడిన్ ఇవ్వకూడదు. శిశువు థైరాయిడ్ 10 నుంచి 12 వారాల మధ్య అయోడిన్‌ని పట్టుకోవడం మొదలుపెడుతుంది, ఈమె 8 వారాల్లో ఉన్నారు కాబట్టి ఆ ప్రమాదం ఇంకా దూరమే అని ఇప్పుడు చెప్పగలం. తేదీయే తప్పుగా ఉన్నప్పుడు అది ఎన్నో వారమో ఫారం నింపినవాళ్లకి తెలిసే దారి లేదు. కార్బిమజోల్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. శిశువు తల చర్మంలోనూ ముక్కు మార్గాల్లోనూ అది కలిగించే లోపాలకి ఎక్కువ అవకాశం ఉన్న కాలం ఆరు నుంచి పది వారాలు. ఆమె సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు.

స్కాన్ రాసిన డాక్టరుకి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ఆయన వెంటనే స్కాన్ రద్దు చేయించారు. నాలుగు వారాలకోసారి థైరాయిడ్ పరీక్ష చేస్తూ చూద్దామని ఇద్దరం అనుకున్నాం.

తేదీ తప్పితే ముందుకి కూడా తప్పుతుంది

ఆ మరకని చివరి నెలసరిగా రాసి ఉంటే ఆ రోజుకి గర్భం 4 వారాలు. స్కాన్ ప్రకారం 8. ఈ నాలుగు వారాల తేడా ప్రసవం దాకా వెంటాడుతుంది. శిశువు మెడ వెనక ద్రవాన్ని కొలిచే స్కాన్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. తప్పు లెక్కలో పన్నెండో వారం అని రమ్మంటే ఆమె వచ్చేది పదహారో వారంలో. ఇంకో చివర, 41 వారాలు నిండాయని నొప్పులు తెప్పించబోతే నిజానికి 45 వారాలన్నమాట. లేదంటే 16వ వారంలో 12 వారాల శిశువు కోసం వెతికి, ఇంత పెద్దగా ఉందేమిటని ఆందోళనపడాల్సి వస్తుంది.

నిజమైన నెలసరి నుంచి లెక్కించినా 9 వారాల 2 రోజులు వస్తుంది, స్కాన్‌కి తొమ్మిది రోజుల తేడా. తొమ్మిది వారాల నుంచి పద్నాలుగు వారాల లోపు ఏడు రోజులకి మించి తేడా ఉంటే స్కాన్ తేదీనే తీసుకోవాలి. అదే తీసుకున్నాం. ఆమె చక్రం పొడుగు కాబట్టి ఆ తేడాకి కారణం కూడా తెలుస్తూనే ఉంది.

ఆమె అడిగినవి

స్కాన్ గది నుంచి వచ్చాక ఆమె మొదట అడిగింది తేదీల గురించి కాదు. “ఇన్ని మందులు వేసుకున్నాను, బిడ్డకి ఏమవుతుందండీ?” యాసిడిటీ మాత్రలు, ఆ కొద్ది రోజుల యాంటీబయాటిక్ పేర్లు ఒక్కొక్కటీ చూసి, వాటి వల్ల భయపడాల్సిందేమీ లేదని వివరంగా చెప్పాను. కార్బిమజోల్ ఒక్కటి కూడా వేసుకోలేదని స్ట్రిప్ తీసి చూపించారు, పది మాత్రలూ అలాగే ఉన్నాయి.

శిశువు వెన్నుపాము లోపాలని తగ్గించే విటమిన్ ఫోలిక్ యాసిడ్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. శిశువు వెన్నుపాము, మెదడు తయారయ్యే నాళం ఫలదీకరణ జరిగిన 28వ రోజు కల్లా మూసుకుపోతుంది, అంటే గర్భం లెక్కలో ఆరు వారాలు. ఆ గడువు ఆమెకి అప్పటికే దాటింది. ఇప్పుడు మొదలుపెట్టినా పన్నెండు వారాల వరకు రోజుకి 400 మైక్రోగ్రాములు వాడమన్నాను, నాళం బాగా మూసుకుందో లేదో తర్వాతి స్కాన్‌లో చూస్తామని చెప్పాను. గర్భాన్ని తొందరగా గుర్తించడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు తెలియదు. అందుకే గర్భం కోరుకునేవాళ్లూ, వచ్చే అవకాశం ఉన్నవాళ్లూ ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడాలంటాం.

“మరి టెస్ట్ ఎప్పుడు చేసుకోవాల్సింది?” అన్నది రెండో ప్రశ్న. చక్రం సక్రమంగా ఉన్నవాళ్లు నెలసరి రావాల్సిన రోజు దాటాక చేసుకుంటే చాలు. ఆమెలా చక్రం మారుతూ ఉండేవాళ్లకి ఆ రోజు ఏదో తెలియదు కాబట్టి, జాగ్రత్త లేకుండా కలిసిన చివరి రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోవాలి. అంతకుముందు వచ్చిన నెగటివ్‌ని లెక్కలోకి తీసుకోకూడదు. లక్షణాలుండి నెగటివ్ వస్తే మూడు నాలుగు రోజులాగి, లేదంటే వారానికి, మళ్లీ చేసుకోవాలి. పొద్దున లేచాక మొదటి మూత్రం మేలు, టెస్ట్ కోసమని ముందు చెంబుడు నీళ్లు తాగితే పలచబడి గీత రాకపోవచ్చు. కిట్ మీద రాసిన నిమిషాల్లోనే చూడాలి. గంట తర్వాత ఆరిపోయిన స్ట్రిప్ మీద కనిపించే బూడిదరంగు గీతని లెక్కలోకి తీసుకోవద్దు. గడువులోపు గీత ఎంత లేతగా వచ్చినా, రంగు ఉంటే అది పాజిటివే, రెండు రోజులాగి మళ్లీ చూసుకోవచ్చు.

వెంటనే రావాల్సిన సందర్భాలు కాగితం మీద రాసిచ్చాను. పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, రక్తస్రావం. వీటిలో ఏది వచ్చినా ఆగకూడదు, ముందు స్కాన్ బాగున్నా సరే. నీళ్లు కూడా నిలవనంత వాంతులైతే, మూత్రం బాగా తగ్గితే కూడా రావాలి.

ఇప్పుడు నా పద్ధతి

ఎక్స్‌రే, సీటీ, రేడియో అయోడిన్ ముందు, ఐసోట్రెటినాయిన్, మెథోట్రెక్సేట్, వాల్ప్రోయేట్ లాంటి, గర్భంలోని శిశువుకి హాని చేసే మందుల ముందు నెలసరి తేదీ అడిగి వదిలేయను. చివరిది ఎలా వచ్చింది, దానికి ముందుది ఎప్పుడు, అది ఎలా వచ్చింది అని అడుగుతాను. రెండూ ఒకేలా లేకపోతే, మధ్యలో వ్యవధి మారితే, ఆమె అనుమతితో మూత్ర పరీక్ష చేస్తాను. నిమిషాల్లో అయిపోయే పని. ట్యూబుల ఆపరేషన్ అయినవాళ్లకి, కాపర్ టీ ఉన్నవాళ్లకి కూడా అడుగుతాను. వాళ్లలో గర్భం అరుదే, కానీ వస్తే ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. కేస్ షీటులో ‘చివరి నెలసరి’ గడి పక్కన ‘మామూలుగానే వచ్చిందా?’ అన్న గడి కూడా ముద్రించాం. జూనియర్లు దాన్ని ఖాళీగా వదిలేస్తే షీటు వెనక్కి ఇస్తాను.

తర్వాత

మెడ వెనక ద్రవం స్కాన్ 12 వారాలకి, సరైన తేదీలోనే జరిగింది. వాంతులు 15 వారాలకి తగ్గాయి, పోయిన బరువు తిరిగొచ్చింది. టీఎస్‌హెచ్ 12 వారాలకి 0.2, 16 వారాలకి 0.9, ఏ మందూ లేకుండానే. వెన్నుపాము, మెదడు స్కాన్‌లో బాగున్నాయి. 39 వారాలకి సహజ ప్రసవం, 3.1 కిలోల బాబు.

ఆరు వారాల చెకప్‌కి వచ్చినప్పుడు ఆమే అడిగారు: “ఈసారి నెలసరి మొదలవకముందే గర్భం వస్తే, తెలిసేదెలాగండీ?” చాలా సరైన ప్రశ్న. ప్రసవం తర్వాత మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదల కావచ్చు, అలాంటప్పుడు ఒక్క నెలసరి కూడా రాకుండానే గర్భం వస్తుంది. బిడ్డకి ఆరు నెలలు నిండకుండా, పగలూ రాత్రీ తల్లిపాలు మాత్రమే ఇస్తూ, నెలసరి ఇంకా రాకుండా ఉంటేనే ఆ కాలంలో రక్షణ బాగుంటుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా వేరే పద్ధతి కావాలి. ఆమె బాబుకి పాలతో పాటు పాలపొడి కూడా ఇస్తున్నారు. ఆ రోజు మూత్ర పరీక్ష చేసి, నెగటివ్ చూసుకుని, ప్రసవం తర్వాత ఇంకా కలవలేదని ఆమె చెప్పాక కాపర్ టీ వేశాం. వికారమో, రొమ్ముల నొప్పో మళ్లీ మొదలైతే తేదీ కోసం చూడకుండా టెస్ట్ చేసుకోమన్నాను. పాజిటివ్ వస్తే కాపర్ టీ ఉంది కాబట్టి ఆ రోజే స్కాన్‌కి రమ్మన్నాను.